బాలమణి చేతులు, నర్సన్న ముఖం

మా అపార్టుమెంటులో కిటికీ గ్రిల్స్‌కు రంగులు వేస్తున్నారు. పొద్దున తలుపు తీయగానే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. పక్కింటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ కంపుకు తల పగిలిపోతోందండీ" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం మెట్ల దగ్గర ఆ డబ్బా పక్కనే కాసేపు నిలబడ్డాను. ఈ కిష్టారెడ్డిపేటలో అందరికీ అది రంగుల వాసన. నాకు మాత్రం పటాన్‌చెరు బస్టాండు ఎదుట ఒక ఇరుకు స్టూడియోలో నా చేతికి దూది ఉండ ఇచ్చి "తుడువు" అన్న మనిషి గుర్తొస్తాడు. ఆయన పేరు నర్సింలు. ఊరంతా నర్సన్న అనేవారు. నేనొక్కదాన్నే మాస్టారూ అనేదాన్ని.

ఆయన్ను చూడనివాళ్ళకు ముందుగా ఆయన ముఖం సంగతి చెప్పాలి. చిన్నతనంలో అమ్మవారు పోసి, నుదుటి నుంచి గడ్డం దాకా గుంటలే. ఎవరైనా జాలిగా చూడబోతే, "దున్నిన సెల్క ఇది. పంట మంచిగ పండుతది" అని తనే నవ్వేవాడు. నిజంగానే వాళ్ళది సేద్యం చేసిన కుటుంబం. జొన్న చేను ఫ్యాక్టరీల కింద పోయాక కొన్నేళ్ళు షిఫ్టు డ్యూటీలు చేసి, అది నచ్చక స్టూడియో పెట్టాడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో చేరే ప్రతి మనిషికీ గేటు పాసు ఫోటో కావాలి. ఆయన పొయ్యి వెలిగేది ఆ ఫోటోలతోనే.

మా నాన్న ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డాడు. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చోవడం ఇష్టం లేక, ఆడపిల్లకు స్టూడియోలో పనేమిటని నాన్న గొంతు చించుకుంటున్నా వినకుండా, నర్సన్న దగ్గర టచింగ్ పనికి చేరాను. ఎనభైల చివర అది పెద్ద విద్య. మచ్చ ఉన్నచోట నెగెటివ్ పల్చగా తేలిపోయి కనిపిస్తుంది. దాని మీద మందు పూసి, సూది మొనలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు చుక్కలుగా నింపితే ప్రింటులో మచ్చ మాయమవుతుంది. మొటిమలు, గాట్లు, కళ్ళ కింద నలుపు అన్నీ నా పెన్సిల్ ముందు బలాదూరే. పెళ్ళిచూపుల ఫోటోలైతే సంగారెడ్డి నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. నాకు కాస్త తలకెక్కిన మాట నిజమే.

ఒకరోజు నర్సన్న ఉన్నట్టుండి, "స్టూడియోల కూసుంటె ముఖాలొస్తయి గని మనుషులు రారు. ఇగ ఐతారం ఐతారం రోడ్డు మీదికి పోదాం" అన్నాడు. ఫోటోలు నేర్చుకుంటామని ఆయన వెంటపడుతున్న ఒక లేత్ మెషీన్ వర్కరు, ఒక బడిపంతులు, నేను, మొత్తం ముగ్గురం. కెమెరా ఒక్కటే. రీలుకు పన్నెండు ఫోటోలు, మనిషికి నాలుగు. ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న అద్దంలో చూసి తీసే పాత పెట్టె కెమెరా అది. "ఇది మంచి కెమెరా బిడ్డా. తల వంచనిదె బొమ్మ కనవడది. ఎవలి ఫోటో తీస్తవో ముందు ఆళ్లకు తల వంచాలె" అనేవాడు. బొమ్మ తీశాక ఆ మనిషి పేరడిగి, చోటు, రోజు, వేళ నోటుబుక్కులో రాసుకోవాలి. పేరడగకుండా వచ్చేస్తే ఆయన లెక్కలో అది దొంగతనం. ఆ బొమ్మ ప్రింటు వేసేవాడు కాదు.

మొదటి ఆదివారం అంగడిలో నా నాలుగు ఫోటోలూ జనం వీపులే. ఎదురుగా వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. నర్సన్న తడి నెగెటివ్ దీపానికి అడ్డంపెట్టి చూసి, "గిదేంది బిడ్డా? పటాన్‌చెరంత నీ మీద అలిగి అటు తిరిగిందా?" అన్నాడు. పంతులు పడీ పడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మరుసటి వారం ఎండుమిర్చి అమ్మే ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, ఆమె తిట్టిన తిట్లన్నీ తిని, ఆ తిట్లు అయిపోయి ఆమెకు నవ్వొచ్చేదాకా లేవలేదు. ఆ బొమ్మ చూసి నర్సన్న స్టూడియో గోడకు మేకు కొట్టి తగిలించాడు.

బాలమణి కనిపించింది ఆ తర్వాత నెలలో. ఒక మందుల ఫ్యాక్టరీ గేటు ఎదుట, షిఫ్టు దిగి, చాయ్ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నిలబడి ఉంది. మెడలో నంబరు రేకు వేలాడుతోంది. ఫ్యాక్టరీలో ఖాళీ డ్రమ్ములు కడిగే పని ఆమెది. డ్రమ్ముల్లో మిగిలిన మందు తగిలి తగిలి వేళ్ళ నుంచి మణికట్ల దాకా చర్మం నల్లగా కాలి పగిలిపోయింది. నేను తల వంచాను. అద్దంలో ఆమె ముఖం, గేటు, రేకు, ఆ చేతులు అన్నీ సరిగ్గా కుదిరాయి. పేరడిగి రాసుకున్నాను. "నాకొక్కటి ఇయ్యవా అక్కా? నేనెన్నడు ఫోటో దిగలె" అంది. ఆమె నాకన్నా పెద్దదే.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. ఎవరూ చేయమనలేదు. మొదటిసారి ఫోటో దిగిన మనిషికి అందమైన ఫోటో ఇవ్వాలనిపించింది. నర్సన్న ఊళ్ళో లేని రోజు కూర్చుని, ఆ రెండు చేతుల మీద ప్రతి పగులూ పెన్సిల్‌తో పూడ్చాను. అంత నాజూకు పని నేను మళ్ళీ చేయలేదు. ప్రింటు తీసుకెళ్ళి ఇస్తే బాలమణి చాలాసేపు చూసి, "ఇవి నా చేతులేనా? పెండ్లినాడు గిట్లనె ఉండె" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నేను పొంగిపోయాను. నా బతుకులో నేను బాగా సిగ్గుపడే క్షణం అదే.

రెండు నెలలకు గాయాలు ముదిరి, గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమై, వైద్యం చేయించమని బాలమణి కంపెనీని అడిగింది. వాళ్ళు పనిలోంచి తీసేశారు. ఆమె సంగారెడ్డిలో లేబర్ ఆఫీసరుకు ఫిర్యాదు పెట్టుకుంది. తను ఆ గేటు లోపల పనిచేసిన మనిషినేనని చూపించడానికి, పాపం, నేనిచ్చిన ఫోటోనే కాగితాలకు జతచేసింది. కంపెనీ మనిషి దాన్నే పైకెత్తి పట్టుకున్నాడట. "చూడండి సార్. మా దగ్గర పనిచేసేప్పుడు చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఈ గాయాలు తర్వాత ఎక్కడో తెచ్చుకున్నవి" అన్నాడట. బాలమణి తిన్నగా స్టూడియోకు వచ్చి ఈ మాట చెప్పి, బల్ల మీద చేతులు పరిచి కూర్చుంది. "నేనేమన్న తప్పు జేసిన్నా నర్సన్నా?" అని అడిగింది.

నర్సన్న నా వైపు చూశాడు. అరిస్తే బాగుండేది. లేచి నెగెటివ్ తెచ్చి అద్దం మీద పెట్టాడు. టర్పెంటైన్‌లో దూది ముంచి నా చేతిలో పెట్టాడు.

"తుడువు."

"మాస్టారూ, నేను మంచికే..."

"మొటిమ తీసేస్తె సింగారం. పని జేస్తె కాలిన చెయ్యిని మంచిగ జేస్తె అదేందో నువ్వే చెప్పు. జెర తుడువు ముందు."

తుడిచాను. నా చుక్కలన్నీ దూదికి నల్లగా అంటుకుని వచ్చేశాయి. వాటి కింద గాయాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అప్పటికప్పుడు కొత్త ప్రింటు తీశాం. అయితే చిక్కు తీరలేదు. ఒకే ఫోటో రెండు రకాలుగా ఉంటే, గాయాలు స్టూడియోవాళ్ళే గీశారని కంపెనీ అంటుంది. చెరిపినవాళ్ళు వచ్చి చెరిపామని చెప్తే తప్ప బాలమణి మాట నిలబడదు. నర్సన్న నన్ను రమ్మనలేదు. "మంగళారం పొద్దుగాల బస్సుకు పోతున్న" అని మాత్రం అన్నాడు.

ఇంట్లో నాన్నకు చెప్పాను. "మనం బతకడానికొచ్చాం. ఊరివాళ్ళకీ కంపెనీలకీ తగువైతే మధ్యలో నీకెందుకే? నువ్వే చెరిపానని నలుగురిలో చెప్పుకుంటే రేపు నీకు పనెవరిస్తారు?" అన్నాడు. ఆయన భయంలో అబద్ధమేమీ లేదు. కానీ బతకడానికి వచ్చినవాళ్ళం ఇంకొకరి బతుకు చెరిపేసి మౌనంగా కూర్చోవాలని ఎక్కడ రాసుంది? ఆ మాటే అన్నాను. మంగళవారం బస్సులో నర్సన్న పక్క సీటులో కండువా పరిచి ఉంచాడు. నన్ను చూసి దాన్ని తీసి భుజాన వేసుకున్నాడు.

విచారణలో అనుకున్నట్టే కంపెనీ మనిషి లేచాడు. "సార్, ఈ మచ్చలు ఈ ఫోటోగ్రాఫరే గీశాడు. వాళ్ళకిది వెన్నతో పెట్టిన విద్య" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "గీసింది ఆయన కాదు. చెరిపింది నేను" అన్నాను. ఆఫీసరు నమ్మనట్టు చూశాడు. పెన్సిల్ తీశాను. వెంట తీసుకెళ్ళిన నెగెటివ్‌లలో నర్సన్న సొంత ఫోటో ఒకటుంది. కిటికీ దగ్గర నిలబడి, ఆయన బుగ్గ మీద గుంటలు ఒక్కొక్కటే పూడ్చి చూపించాను. తర్వాత దూదితో తుడిచి, గుంటలు మళ్ళీ తేలడం చూపించాను. బాలమణి నెగెటివ్ మీద తుడవడానికి ఇంకేమీ లేదని ఆఫీసరు తనే దూదితో రుద్ది చూసుకున్నాడు. నోటుబుక్కులో బాలమణి పేరు, గేటు, రోజు, వేళ నా చేతిరాతతోనే ఉన్నాయి. ఆయన వాటిని చదివి, నా మాటలు రాసుకుని, నాతో సంతకం పెట్టించాడు. కొన్ని నెలలకు బాలమణికి వైద్యమూ పరిహారమూ ఇవ్వక కంపెనీకి తప్పలేదు. చేతులు మాత్రం పూర్వంలా కాలేదు.

మాకు పడాల్సిన దెబ్బ పడింది. గేటు పాసుల ఫోటోలు ఒక్క ఫ్యాక్టరీ నుంచీ రాలేదు. నాన్న నెలరోజులు నాతో మాట్లాడలేదు. విచారణ తర్వాత వచ్చిన ఆదివారం నర్సన్న మమ్మల్ని ఇంకెక్కడికో తీసుకెళ్తాడనుకున్నాను. నేరుగా అదే గేటు ముందుకు తీసుకెళ్ళాడు. వాచ్‌మన్ పరుగున వచ్చి, "ఇక్కడ ఫోటోలు దియ్యొద్దు, సాబ్ గుస్సా అయితడు" అన్నాడు. నర్సన్న కెమెరా మూత తీస్తూ, "మీ సాబ్‌కు చెప్పు. నువ్వు నిలబడ్డకాడ మా నాయిన జొన్న చేను ఉండె. లోపలికి రమ్మన్నా రాను. రోడ్డు మీదికెల్లి పొమ్మన్నా పోను" అన్నాడు. తర్వాత అతని పేరడిగి, అతనికే మొదటి ఫోటో తీశాడు.

నర్సన్న పోయేనాటికి స్టూడియోల్లోకి కంప్యూటర్లు వచ్చేశాయి. పదోరోజున వాళ్ళింటికి వెళ్తే, వాకిట్లో కుర్చీ మీద దండ వేసిన పెద్ద ఫోటో ఉంది. నున్నటి బుగ్గలు, తెల్లటి ముఖం. ఒక్క గుంట లేదు. బాలమణి నాకన్నా ముందే వచ్చి దాని ఎదుట నిలబడి ఉంది. "అక్కా, గీయినెవరు? నర్సన్న ఫోటో ఏది?" అంది. పెద్దకొడుకు నొచ్చుకుంటూ, "మస్తుమంది వస్తరు గదక్కా. మంచిగ కనవడాలెనని జేపిచ్చిన" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఒకప్పుడు నేనూ మంచికే చేశాను.

"ఇది మీ నాన్న కాదు నాయనా" అన్నాను. సంగారెడ్డిలో ఆఫీసరు ముందు తుడిచిన నర్సన్న నెగెటివ్‌నే ప్రింటు వేసి సంచిలో తెచ్చుకున్నాను. ఎవరినీ అడగకుండా దండ తీసి, ఆ ఫోటో దించి, నేను తెచ్చింది పెట్టాను. బంధువుల్లో ఒకరిద్దరు గొణిగారు. గొణగనిచ్చాను. బాలమణి దగ్గరికి వచ్చి, సరిగా ముడుచుకోని ఆ వేళ్ళతోనే దండ సర్ది, "ఆఁ, ఇగ వచ్చిండు" అంది.

ఇప్పుడు నా చేతుల మీదా ముఖం మీదా మచ్చలు వచ్చాయి. పిల్లలు ఫోన్‌లో ఫోటో తీసి, వేలితో రుద్ది, "చూడమ్మా, పదేళ్ళు తగ్గావు" అంటారు. ఆ పదేళ్ళు నేను ఊరికే గడపలేదు, తిరిగి పెట్టమంటాను. రేపు నాకు దండ వేసే ఫోటో ఏదో కూడా చూపించి, దాని మీద ఒక్క మచ్చ చెరిపినా ఊరుకోనని చెప్పి ఉంచాను.