బుల్లెమ్మే బుల్లెమ్మ అని ఎలా తెలుసు

మా యానాంలో పశువుల డాక్టరు లూయిస్ గారి చెయ్యి పడని సర్టిఫికెట్ ఉండేది కాదు. ఆయన గెజిటెడ్ ఆఫీసరు. జిరాక్సు కాపీ మీద ఆకుపచ్చ ఇంకుతో ఆయన సంతకం పడితే చాలు, అది అసలుకి నిఖార్సయిన నకలు అయిపోయేది. కాలేజీ సీట్ల రోజుల్లో ఆయన వరండాలో పిల్లల తండ్రులు, ముంగిట్లో జబ్బు దూడలు ఒకే వరసలో ఉండేవారు. ఎవరి వంతు ముందొస్తే వాళ్ళని చూసేవారు.

ఫరంపేటలో నాది జిరాక్సు షాపు. రెండు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ కూడా నడిపేవాణ్ణి. 2005లో ఓ శనివారం డాక్టరు గారు వచ్చి, బ్లాగు మొదలెడతానన్నారు. పశువుల గురించి కాబోలు అనుకున్నాను. కాదు. తర్కం, ఉనికి, జ్ఞానం. ఏది ఉంది, ఉన్నదాన్ని ఉందని మనకెలా తెలుసు, తెలుసు అన్నమాటకి అర్థమేమిటి. అదీ ఇంగ్లీషులో. ఏడాదిపాటు ఆ బ్లాగుకి పాఠకుణ్ణి నేనొక్కణ్ణే. పాపం అనిపించి, పేరు లేకుండా 'చాలా బాగుంది' అని ఒక కామెంటు పెట్టాను. ఆయన పొంగిపోయి, ఏది బాగుందో, ఎందుకు బాగుందో వివరించమని జవాబు రాశారు. ఆ తరవాత నేను కామెంట్ల జోలికి పోలేదు.

ఆయనకి పేరు తెచ్చింది అగ్రహారం అమ్మన్న గేదె. వానలో ఆ పాకలోకి వెళ్ళి, గేదెని పరీక్ష చేసి, మూడో నెల చూడి, ఫిబ్రవరిలో ఈనుతుంది అని చెప్పి వచ్చారు. ఫిబ్రవరిలో ఈనింది. అమ్మన్న జున్ను తెచ్చాడు. జున్ను నోట్లో ఉండగా అమ్మన్న పక్కింటాయన వచ్చి, మా గేదె కూడా ఈనిందండి, ఆ రోజు అమ్మన్న పాకలో మీరు చూసింది మాదాన్నే కదా, వానకి అక్కడ కట్టేశాం అన్నాడు.

డాక్టరు గారికి జున్ను దిగలేదు. ఆయన చెప్పింది నిజమైంది. నమ్మే చెప్పారు. పరీక్ష చేసే నమ్మారు. కానీ చేసింది వేరే గేదెకి. మరి అమ్మన్న గేదె చూడి అని ఆయనకి తెలిసినట్టా, తెలియనట్టా? అది బ్లాగులో పెడితే నలభై ఒక్క కామెంట్లు వచ్చాయి. నార్వేలో ఒక ప్రొఫెసరు దాన్ని క్లాసులో పాఠం చెప్పేశాడట. అమ్మన్నకి ఈ సంగతి చెబితే సంతోషించలేదు. అంతమంది దాని గురించి మాటాడితే పాలు తగ్గుతాయని గేదె మెడలో నల్లతాడు కట్టాడు.

డాక్టరు గారికి తెలియనట్టేనని కామెంట్లలో తేలింది. అక్కడితో పోతే బాగుండేది. డాక్టరు గారు ఆ రోజు నుంచీ తన ఆకుపచ్చ పెన్ను వంక అనుమానంగా చూడడం మొదలెట్టారు. ఇది అసలుకి నకలు అని సంతకం పెడుతున్నాను సరే, అసలు అసలేనని నాకెవరు చెప్పారు? మొదట అక్షరం అక్షరం పోల్చి చూసేవారు. తరవాత, 'అసలులా కనిపిస్తున్నదానికి నకలులా నాకు కనిపిస్తోంది' అని రాసి సంతకం పెట్టేవారు. అలాంటి అప్లికేషన్లు వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి. చివరికి సంతకాలే మానేశారు. వరండాలో దూడలు మిగిలాయి. నా జిరాక్సు మిషను కూడా చల్లబడింది.

జీతం బిల్లు మీద మాత్రం ఏ అనుమానమూ లేకుండా పెడుతున్నారు కదా అని ఆయన భార్య జోసెఫిన్ గారు దెప్పారు. ఆయన రెండ్రోజులు ఆలోచించి, నువ్వడిగింది మంచి ప్రశ్న అన్నారు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఆ స్థితిలో, 2007 నవంబరులో, అడవిపొలం నుంచి బుల్లెమ్మ గారు వచ్చింది. ఆవిడ భర్త ఫ్రెంచి సైన్యంలో చేసి పోయాడు. ఆవిడకి ఫ్రాన్సు నుంచి ఫించను. ఏటా ఒక కాగితం వస్తుంది, ఈవిడ నా ఎదుట హాజరైంది, బతికి ఉంది అని ఒక అధికారి సంతకం పెట్టి పంపాలి. ఎప్పుడూ పెట్టే ఆయన బదిలీ మీద వెళ్ళిపోయారు, కొత్తాయన ఇంకా రాలేదు. నెలాఖరు శుక్రవారం మూడు గంటల టపాలో కాగితం వెళ్ళకపోతే ఫించను ఆగిపోతుంది. ఒక్కసారి ఆగితే మళ్ళీ మొదలవడానికి ఎన్నేళ్ళో. ఆవిడ తిండీ, మందులూ దానిమీదే.

డాక్టరు గారు ఆవిణ్ణి కూర్చోబెట్టి చాలా మర్యాదగా చెప్పారట. మీరు బతికున్నారు, అందులో సందేహం లేదు, పశువులకే చెప్పగలను, మీకు చెప్పలేనా. కానీ ఈ కాగితంలో ఉన్న బుల్లెమ్మ మీరేనని నమ్ముతున్నాను తప్ప, తెలుసు అని అనలేను. పన్నెండేళ్ళుగా మీ ఆవుకి వైద్యం చేస్తున్నాను, నిజమే. మీరు బుల్లెమ్మ అని మీరు చెబితేనే కదా విన్నాను. రేషన్ కార్డు చూపిస్తే ఆ ఫొటో ఎవరిదైనా కావచ్చునన్నారు. అందులో మాత్రం ఆయన తప్పు లేదు.

ఆవిడ సంగతి బ్లాగుకెక్కింది. ఆవిడ రోజూ బస్సెక్కి నా షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, కామెంట్లు చదివించుకునేది. కెనడాలో ఒకావిడ, నిరుటి బుల్లెమ్మ, ఈ ఏటి బుల్లెమ్మ ఒకరేనని చెప్పలేమంది. ఇంకొకాయన, మనుషులనేవాళ్ళే లేరు, అణువులు బుల్లెమ్మ ఆకారంలో అమరాయి అంతే అన్నాడు. నేను తెలుగులో చెబుతుంటే ఆవిడ శ్రద్ధగా విని, "ఆ నార్వే ఆయనేవన్నాడు బాబూ, ఆయనే కాస్త నెమ్మదస్తుడు" అనేది. నార్వే ఆయన, బుల్లెమ్మ గారి గురించి మరిన్ని వివరాలు కావాలన్నాడు. పోనీ పనికొస్తుందేమోనని ఆవిడ తన మోకాళ్ళ నొప్పుల గురించి నా చేత రాయించింది.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని డాక్టరు గారి వరండా ఎక్కింది. ఈసారి కూర్చోలేదు.

"డాక్టరుగారండీ, ఓ పని చెయ్యండి. ఈవిడ బుల్లెమ్మ కాదని రాసి, దానికింద సంతకం పెట్టండి. పట్టుకుపోతాను."

"అలా ఎలా రాస్తానండీ. అది అబద్ధం."

"అబద్ధవని తెలుసా, అనుకుంటన్నారా?"

"తెలుసు," అన్నారాయన.

"మరి?"

లోపల జోసెఫిన్ గారు గిన్నెలు తోమడం ఆపారు. ఆయన ఆకుపచ్చ పెన్ను తీసి, ఫించను కాగితం మీద పూర్తి పేరు రాసి, ముద్ర వేశారు. అంత అందమైన ఆయన సంతకం నేనెప్పుడూ చూడలేదు.

పదకొండింటికి నేనే రిజిస్టర్ పోస్టు చేశాను. పన్నెండింటికి డాక్టరు గారు షాపుకొచ్చి, బుల్లెమ్మ గారి వాదన మొత్తం బ్లాగులో పెట్టి, ఈల వేసుకుంటూ భోజనానికి వెళ్ళారు. ఒకటిన్నరకి నార్వే నుంచి కామెంటు. ఆధారం లేనిది రాయకూడదని తెలియడం వేరు, అది అబద్ధమని తెలియడం వేరు, మీరు మొదటిదాన్ని రెండోదిగా పొరబడ్డారు అని. పోస్టాఫీసులో సంచీ కట్టేలోపు ఆయన వెళ్ళి అడిగితే కవరు వెనక్కిచ్చేస్తారు. అడిగే మనిషే ఆయన.

రెండింటికి స్కూటరు చప్పుడైంది. నేను బల్ల కింద దూరి ఫోను వైరు పీకేశాను.

"ఏమైనా వచ్చిందా సతీషూ?"

"నెట్ లేదండి. పొద్దున్నుంచీ ఇంతే."

పన్నెండింటికి ఇదే కంప్యూటరు మీద అరగంట టైపు చేసిన మనిషి, ఔనా అని నా మాట నమ్మి స్టూలు మీద కూర్చున్నారు. గాలికుంటు వ్యాధి గురించి గంట చెప్పారు. ఒక్క ముక్క నా బుర్రకెక్కలేదు. మూడూ పదికి, ఇప్పుడొచ్చినట్టుందండి అని వైరు పెట్టాను. చదివారు. లేచారు. స్కూటరు మీద వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చి, సంచీ వెళ్ళిపోయిందన్నారు. ఆ మొహంలో దుఃఖం ఎంతో, సంతోషం ఎంతో నేను తేల్చలేను.

సోమవారం నన్ను వెనక ఎక్కించుకుని అడవిపొలం వెళ్ళారు. వైరు సంగతి దారిలో చెప్పేద్దామనుకున్నాను, గుంతలు ఎక్కువై చెప్పలేదు. ఆయన బుల్లెమ్మ గారి ముందు నిలబడి, తగిన ఆధారం లేకుండా సంతకం పెట్టాను, క్షమించండి అన్నారు. ఆవిడ అంతా విని, మజ్జిగ ఇచ్చింది.

"ఇప్పుడా కాగితం ఎక్కడుంటాదండీ?"

"విమానంలో ఉండొచ్చు."

"అయితే మీ అనుమానం కూడా దాని ఎనకాలే పంపించెయ్యండి. మామూలు పోస్టులో."

ఆయన నిజంగానే పంపారు. రెండు పేజీలు, నా షాపులోనే టైపు చేశారు. ఫించను ఫిబ్రవరిలో మామూలుగా వచ్చింది. అనుమానానికి జవాబు ఇంకా రావలసి ఉంది.