అత్తయ్యగారి కువైట్ కెమేరా

మా స్కూలు వార్షికోత్సవం అయిన మర్నాడు ఆదివారం. పొద్దున్నే వరండాలో కూర్చుని, ఫోన్లో తీసిన ఫోటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను. రాజోలు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి చెప్తాను నేను. మా అత్తయ్యగారు ఎదురుగా చాప మీద కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తున్నారు. కాసేపు నా వైపు, కాసేపు ఫోన్‌కి పెట్టిన తీగ వైపు చూసి అడిగేరు.

"అమ్మాయ్, ఫోటోలు ఆ తీగలోంచే వెళ్ళిపోతాయా?"

"ఆయ్, వెళ్తాయండి."

"పాత కెమేరాలోవి కూడా?"

ఏ కెమేరా అని అడిగేలోపే లేచి లోపలికి వెళ్ళేరు. బీరువాలో చీరల అడుగున తువ్వాల్లో చుట్టి దాచిన కెమేరా తెచ్చి నా ఒళ్ళో పెట్టేరు. వెండి రంగు, అరచేతిలో పట్టేంత. సెల్లులు వేసే చోట మూత విరిగిపోతే రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను, అది ఎప్పుడూ నా కంటబడలేదు.

అత్తయ్యగారు తొమ్మిదేళ్ళు కువైట్లో ఒకరింట్లో పని చేసేరు. ఆవిడ వెళ్ళేటప్పటికి మా ఆయనకి ఎనిమిదేళ్ళు, అమ్మమ్మ దగ్గర పెరిగేరు. నేను కోడలిగా వచ్చేసరికి ఆవిడ తిరిగొచ్చేసి చాలా కాలమైంది. అక్కడి సంగతులు ఎవరడిగినా "బాగానే చూసేరమ్మా" అని ఊరుకునేవారు. అంతకుమించి మేమూ అడగలేదు.

"తెర నల్లబడిపోయిందమ్మా. నేను వచ్చేసే ఏడాదే పోయింది. లోపల ఫోటోలు ఉన్నాయో చెరిగిపోయాయో తెలీదు," అన్నారు.

పెన్సిల్ సెల్లులు తెప్పించి వేసి చూశాను. చిన్న శబ్దం చేసి అద్దం ముందుకొచ్చింది గానీ తెర వెలగలేదు. దాని తీగ ఎప్పుడో పోయింది. లోపలి కార్డు బయటికి తీశాను, మా లాప్‌టాప్‌కి అది పెట్టే చోటు లేదు. ఆ మాట చెప్తే ఆవిడ కార్డు తీసుకుని మళ్ళీ తువ్వాల్లో చుట్టబోయారు. ఆ చుట్టడం చూసి నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వంట కానిచ్చుకుని ఇద్దరం ఆటో ఎక్కి రాజోలు వెళ్ళాం.

మార్కెట్ దగ్గర ఫోటో స్టూడియో ఆయన పెద్దమనిషి. కార్డు చూసి కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.

"ఇలాంటివి చూసి చాలా కాలమైందండీ. కూర్చోండి, చూద్దాం."

కార్డు మీది ఇత్తడి గీతల్ని రబ్బరుతో మెల్లగా రుద్ది, ఊది, రీడర్లో పెట్టేరు. మొదటిసారి కంప్యూటరు గుర్తించలేదు. రెండోసారీ లేదు. మూడోసారికి తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది.

"మూడొందలకి పైనే ఉన్నాయండి. కాపీ చేసేసి కార్డు ఖాళీ చేసి ఇమ్మంటారా?"

"వద్దు బాబూ!" అన్నారు అత్తయ్యగారు, కుర్చీలోంచి సగం లేచి. "అటు వెళ్ళిపోతే ఇందులో ఉండవేమో?"

"ఉంటాయండీ. కాపీ అంటే ఇక్కడా ఉంటాయి, అక్కడా ఉంటాయి. మీవి ఎక్కడికీ పోవు."

ఆయన నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నంతసేపూ ఆవిడ కంప్యూటరు తెర మీద పచ్చగీత నిండడమే చూస్తూ కూర్చున్నారు. పెన్‌డ్రైవ్ చేతికిస్తూ ఆయన నాతో మెల్లగా అన్నారు. "సగం చెయ్యి తగిలి పడిపోయినవేనండి. పనికొచ్చేవి ఏరుకోండి."

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాక ఆయన అన్నది నిజమేననిపించింది. మొదటిది ఏదో గుండ్రటి మీట. రెండోది అదే మీట, గుర్తు ఇంకో అంకె మీద ఉంది. తర్వాత స్విచ్‌బోర్డు. తర్వాత అలమారులో మూడు సీసాలు, ఒక ఇనప గేటు, ఒక దుకాణం బోర్డు, ఎవరూ లేని వీధి మలుపు. అన్నిటికీ ఒకటే తేదీ. సెల్లులు మార్చినప్పుడల్లా కెమేరా మళ్ళీ మొదటి తేదీకి వెళ్ళిపోయి ఉంటుంది. చెరిపెయ్యడానికి వాటిని ఎంచి అన్నాను.

"అత్తయ్యగారూ, ఇవి తీసేద్దామాండి? పొరపాటున పడినట్టున్నాయి."

"ఒక్కటి కూడా పొరపాటున తియ్యలేదమ్మా," అన్నారావిడ.

నేను లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ ముందుకి వంగి తెర మీద వేలు పెట్టేరు.

"ఇది బట్టలుతికే మిషను. గుర్తు ఇక్కడుంటే తెల్లబట్టలకి, వేణ్ణీళ్ళు వస్తాయి. ఇదిగో, ఇక్కడుంటే మేడమ్ బట్టలకి. వెళ్ళిన వారంలోనే ఆవిడ ఖరీదైన గౌను ఒకటి వేణ్ణీళ్ళలో పడేసేను. చంటిపిల్ల గౌనంత అయిపోయింది. రెండ్రోజులు అరిచింది నా మీద. ఆ రాతలు నేను చదవలేను కదా."

అత్తయ్యగారికి చదవడం రాదని నాకు తెలుసు. సంతకం ఒక్కటే చేస్తారు. కానీ తెలుగే చదవడం రాని మనిషి, అన్నీ అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉన్న ఇంట్లో తొమ్మిదేళ్ళు ఎలా నెట్టుకొచ్చారన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు.

మేడమ్ కొత్త కెమేరా కొనుక్కుని పాతది ఈవిడకిచ్చేసిందట. దాన్నేం చేసుకోవాలో తెలియక ఊరుకుంటే, పక్క ఫ్లాట్లో పనిచేసే, మా వైపు మామిడికుదురు ఊరావిడ దారి చూపించిందట. "చదవడం రాకపోతే ఏవైంది, ఫోటో తీసి పెట్టుకో" అని. అప్పట్నించీ మేడమ్ ఏది చూపించినా ఈవిడ ఫోటో తీసేవారు. పని చేసేముందు కెమేరా తెరిచి, ఫోటోనీ ఎదుటి వస్తువునీ పక్కపక్కన పెట్టి సరిచూసుకునేవారు.

"ఇవి మందులు. ఆ ఇంట్లో ముసలావిడకి తెల్లమూత సీసాది పొద్దున్న, నీలంమూతది రాత్రి. ఒకదాని బదులు ఇంకోటి వేశామంటే ఆవిడ ప్రాణానికే ముప్పమ్మా. రోజూ ఈ ఫోటో చూసుకునే ఇచ్చేదాన్ని."

"మరి ఈ వీధులండీ?"

"దుకాణానికి దారి. వెళ్ళేటప్పుడు మలుపు మలుపుకీ ఒకటి తీసేదాన్ని. వచ్చేటప్పుడు వెనక నించి ముందుకి చూసుకుంటూ వచ్చేసేదాన్ని."

నేను బళ్ళో రోజూ పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తాను. ఆ దారి ఫోటోలు ఒక్కొక్కటే ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. ఆవిడ ఎక్కడ ఆగారో, ఎటు తిరిగారో తెలుస్తోంది. ఒక ఫోటో అడుగున ఆవిడ చెప్పుల కొసలు కూడా పడ్డాయి.

ఫోల్డర్లు చేద్దామన్నాను. ఆవిడ చెప్పారు, నేను టైపు చేశాను. బట్టలు, మందులు, దారి, వంట. ఒక్కొక్క ఫోటో ఎందులోకి వెళ్ళాలో ఆవిడే చూపించేరు. ఎక్కడా తడుముకోలేదు.

మా ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేస్తారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, మా ఇద్దర్నీ తెర ముందు చూసి వెనక నుంచున్నారు. అప్పుడే ఒక కాగితం ఫోటో వచ్చింది. దాని మీద పెన్నుతో వంకరగా ఒక ఫోన్ నంబరు.

"ఇది అమ్మమ్మ వాళ్ళ పక్కింటి మేష్టారి నంబరు కదమ్మా!" అన్నారాయన.

"అదేరా. కాగితం తడిసి చిరిగిపోతుందేమోనని భయమేసి ఫోటో తీసేను."

ఆవిడ శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవారట. మేష్టారు గోడ మీంచి కేకేస్తే ఈయన పరిగెత్తి వెళ్ళేవారు. మా ఆయన ఇంకా ముందుకి వంగి ఆ నంబరు చూశారు. తర్వాత నాతో అన్నట్టుగా అన్నారు. "అంత పరిగెత్తి వెళ్ళి, ఊఁ అనేవాణ్ణి తప్ప ఒక్క మాట మాట్లాడేవాణ్ణి కాదు. కోపంగా ఉండేది."

"ఆ ఊఁ కోసమేరా నేను చేసేది," అన్నారు అత్తయ్యగారు. "గొంతు మారుతోందా, జలుబు చేసిందా అని వినేదాన్ని. లే, అన్నం చల్లారిపోతోంది."

ఆయన లేవలేదు. అక్కడే చాప మీద కూర్చున్నారు. అన్నం పళ్ళెం తెచ్చి చేతికిచ్చాను. తింటూనే మిగతా ఫోటోలన్నీ చూశారు.

మొత్తం ఫోటోల్లో అత్తయ్యగారు ఉన్నది ఒక్కటే. మేడ మీద ఆరేసిన దుప్పట్ల ముందు ఇద్దరు ఆడవాళ్ళు. పొడుగు గౌను, తలకి గుడ్డ చుట్టుకుని సన్నగా ఉన్నది అత్తయ్యగారు. పక్కన పొడుగాటి మనిషి, నోరంతా తెరిచి నవ్వుతోంది.

"అదేనమ్మా మామిడికుదురు మనిషి. నాకన్నా రెండేళ్ళు ముందే వచ్చేసింది. ఫోన్ నంబరు రాసిచ్చింది గానీ తర్వాత పలకలేదు. ఉందో లేదో."

"ఇల్లెక్కడో తెలుసాండి?"

"కాలవ గట్టున, మిల్లు వెనక అనేది."

మా ఆయన చెయ్యి కడుక్కొచ్చి ఆ ఫోటోని తన ఫోన్లోకి పంపించుకున్నారు. సాయంత్రం రాజోల్లో ఆ స్టూడియోలోనే పెద్దది ప్రింటు వేయించి తెచ్చారు. తర్వాతి ఆదివారం ముగ్గురం మామిడికుదురు వెళ్ళాం.

కాలవ గట్టు మీద టీ కొట్టాయనకి ఫోటో చూపిస్తే, దూరంగా పట్టుకుని చూశాడు.

"ఈవిడా? జాకెట్లు కుడతారండీ. ఇప్పుడు కొంచెం ఒళ్ళు చేసేరు. అదిగో, ఆ రేకుల షెడ్డున్న ఇల్లే."

అత్తయ్యగారు మమ్మల్ని వదిలేసి ముందు నడిచారు. గుమ్మం పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్నావిడ తల ఎత్తి, ఎవరో కస్టమర్ అనుకుని "కూర్చోండమ్మా" అంది. మళ్ళీ చూసింది. చేతిలో గుడ్డ కింద పడిపోయింది.

"ఒసేయ్, నువ్వటే!"

ఇద్దరూ ఏడవలేదు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నుంచుండిపోయారు. ఫోటో చేతికిస్తే ఆవిడ చూసి ముఖం చిట్లించింది.

"నువ్వు బాగానే ఉన్నావు. నేనేంటే, ఇలా నోరు తెరిచేసేను?"

మాకు మజ్జిగ ఇచ్చి, నా పక్కన కూర్చుని ఆవిడే చెప్పింది. "మీ అత్తగారు ఓసారి దార్లో ఉండగా కెమేరాలో సెల్లులు అయిపోయేయమ్మా. ఎటెళ్ళాలో తెలీక, కదిలితే తప్పిపోతానని, ఎండలో ఉన్నచోటే నుంచుండిపోయింది. రెండు గంటలు. నేనెళ్ళి వెతికి తీసుకొచ్చేను. అప్పట్నించీ గౌను జేబులో ఎప్పుడూ రెండు సెల్లులు వేసుకునే తిరిగేది."

మా ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని వాళ్ళమ్మ వైపే చూస్తున్నారు. "అవన్నీ ఇప్పుడెందుకే," అన్నారు అత్తయ్యగారు. కానీ ఇద్దరికీ నవ్వొచ్చింది. కుంచించుకుపోయిన గౌను దగ్గర మొదలెట్టి, ముసలావిడ చాదస్తం దాకా, ఒకరు మొదలెట్టినది ఇంకొకరు అందుకుంటూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. భోజనం పెట్టకుండా ఆవిడ మమ్మల్ని కదలనివ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్యగారు నా పక్కన కూర్చుని, కొత్త నంబరున్న కాగితం తీసి నాకిచ్చారు, ఫోన్లో ఎక్కించమని. ఎక్కించాక అన్నారు.

"అమ్మాయ్, వచ్చే ఆదివారం దాన్ని మనింటికి రమ్మన్నాను. దానికి పనసపొట్టు కూరంటే ఇష్టం. నువ్వు ఆవ పెడతావా, నన్నే పెట్టమంటావా?"