ఖుదాహాఫిజ్ చెప్తుంటే దొరికిన బగ్

రేపే మా ఓపెన్‌సోర్స్ పాటల ప్లేయర్ రిలీజ్. అది, నాతోని కలిసి కోడ్ రాసే సలీం భాయ్ కంప్యూటర్ల ఎప్పుడన్న ఒకసారి ఉత్తగనే ఆగిపోతది, ఎందుకో తెల్వది. పొద్దుగాల్నే మలక్‌పేట నుంచి ఫలక్‌నుమాల వాళ్లింటికి పోయిన. కోడ్‌ల ఒక లైన్ మార్చుడు, జెర్రసేపు నడిపిచ్చుడు, ఆపుడు, మళ్ల మార్చుడు. సాయంత్రమైంది, ఆ ఆగిపోయే బగ్ మాత్రం రాలే.

సలీం వాళ్ల అమ్మి గరమైంది. "ఒక్క పాటన్న పూర్తిగ విననియ్యవా బేటా?"

"సారీ అమ్మీ, పోతున్న," అని ప్లేయర్‌ను నడుస్తుండంగనే వదిలి చెప్పులేసుకున్న.

మా దిక్కు పోయొస్త, ఖుదాహాఫిజ్ అని చెప్పినంకనే కదా అసలు ముచ్చట మొదలయ్యేది! నేను కదిలితే లోపలికి పోదామని సలీం, ఆయన మాట ఆపితే కదులుదామని నేను. గడప కాడ గంటసేపు నిలబడ్డం.

లోపల్నుంచి అమ్మి ఒర్రింది. "సలీం, పాట ఆగింది!"

ఉరికి చూసినం. ఎక్కువసేపు ఆపకుంట నడిస్తేనే వచ్చే బగ్ అది. ప్రోగ్రాంల ఒకేసారి నడిచే రెండు థ్రెడ్‌లు, నువ్వు కదిలితే నేను కదుల్త అని ఒకదాని కోసం ఒకటి ఆగినయ్. అచ్చం మా లెక్కనే.

సరిచేసినం. థ్రెడ్‌లు కదిలినయ్. నేనే ఇంకా కదల్లే, తిని పొమ్మని అమ్మి పట్టుబట్టింది. సలీం కంప్యూటర్ మీదనే ఇది రాస్తున్న. గిసొంటి గడపలు మీరెట్ల దాటుతరు, జెర చెప్పుండ్రి.