నాయిన పేరు మీద ఆట

నిన్న మాదాపూర్ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే పేరు రాయమని ఖాళీ గడి వచ్చింది. నా వేళ్లు ఆగిపోయాయి.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మేము లింగంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. నాయిన సెక్యూరిటీ గార్డు. ఆయన ఆఫీసులో ఒక సారు పాత కంప్యూటరూ, కార్ల ఆట సీడీ ఇచ్చాడు. కంప్యూటరు చెడిపోయినప్పుడల్లా ఆటను మళ్లీ ఎక్కించేదాన్ని. ప్రతిసారీ అది పేరు అడిగేది. బడి ఫారాల్లో తండ్రి పేరు తప్పనిసరి కదా, ఇక్కడా అంతేననుకుని నాయిన పూర్తి పేరు రాసేదాన్ని. నాలుగోసారి ఇంగ్లిషులో ఎర్రటి అక్షరాలొచ్చాయి. కూడబలుక్కుని చదివాను. ఈ సీడీ మూడుసార్లకే చెల్లుతుందట, మించి వాడితే నేరమట.

తెల్లారి పోలీసులు గుమ్మంలో నిలబడి నాయిన పూర్తి పేరు చదివారు. జీపెక్కించుకుని పోయారు.

"రైల్ రోకోకు పోతడని ముందుగాల్నే పట్కపోయిన్రు. ఫికర్ జెయ్యకు, ఇడుస్తరు," అంది అమ్మ. నేను నమ్మలేదు. సీడీని బియ్యం డబ్బాలో దాచి, పొద్దంతా దాని పక్కనే కూర్చున్నాను.

సాయంత్రం నాయిన వచ్చాడు. ఆయన చెప్పులు విప్పకముందే ఏడ్చేశాను. "నాయినా, నీ పేరు నేనే రాసిన."

ఆయన నా తల నిమిరాడు. "నువ్వు రాసుడేంది బిడ్డా? వాళ్ల కాయితంల నా పేరు ఎప్పటిసందో ఉన్నది."

ఆ మాట నిన్న, ఆ ఖాళీ గడి ముందు గుర్తొచ్చింది.

గడిలో నా పేరే రాశాను.