జబ్బు అంటించే ఆదిశేషమ్మ

మైపాడు దారిలో ఉన్న సర్కారు వరి ఫారంలో ఆదిశేషమ్మ ఉద్యోగం మొక్కలకు జబ్బు అంటించడం. నవ్వకండి, దానికి నెలనెలా జీతం ఇచ్చేవారు. గాజు గొట్టాల్లో పెంచిన అగ్గి తెగులు బూజును నీళ్ళలో కలిపి, సాయంత్రం పూట లేత నారు మీద చిమ్మి, తడి గోనెపట్టాలు కప్పేది. వారం తిరిగేసరికి ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు లేచి నారు మాడిపోయేది. మాడకుండా మొక్క ఏదైనా మిగిలితే దాని నుంచి తెగులుకు తట్టుకునే వరి పుట్టించాలని తెగుళ్ళ ఆఫీసరు పద్మనాభయ్యగారి ఆశ. ఏళ్ళ తరబడి ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆయన ఆశకు మాత్రం ఏ తెగులూ తగల్లేదు.

ఇంట్లో అత్త పిచ్చమ్మ ఊరుకునేది కాదు. "ఊరంతా పైరు బతకాలని మొక్కుకుంటాది. మా కోడలు చావాలని చిమ్మి వస్తాది" అనేది.

"ఎంత చిమ్మినా చావనిది ఏదో తెలియాల గదత్తా. నిన్ను చూసే నేర్చుకున్యా" అనేది ఆదిశేషమ్మ. మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ ఇలా ఒకరినొకరు తిట్టుకుంటూనే బతుకుతున్నారు.

అరవై మూడులో చిత్రం జరిగింది. మొలగొలుకులనే నాటు వరినీ ఏదో మొరటు వరినీ కలిపి పుట్టించిన నారు ఒక తొట్టిలో మాడగా, గుప్పెడు మొక్కలు మచ్చ లేకుండా నిలబడ్డాయి. పద్మనాభయ్యగారు వాటిని కన్నబిడ్డల్లా చూసుకున్నాడు. వరి శాస్త్రవేత్తలకు చెప్పి రావడానికి కోయంబత్తూరు వెళుతూ, "నేను వచ్చి నాటిస్తా. అందాకా నీళ్ళు పెట్టు" అన్నాడు.

ఆయన వెళ్ళగానే వాన పట్టుకుంది. రైలు కట్ట తెగింది, ఫారం మళ్ళు మునిగాయి, ఆయన అక్కడే చిక్కుకుపోయాడు. తొట్టిలో నారు ముదురుతోంది. చదువుకున్నవాళ్ళయితే చూస్తూ కూర్చునేవారు. సేద్యం చేసిన మనిషికి ముదురుతున్న నారును చూస్తే అన్నం సయించదు. సరివి చెట్ల తోపుల మధ్య, ఇసుక దిబ్బ పక్కన ఆదిశేషమ్మకు మెరక మడి ఒకటుంది. అందులో వేసిన మొలగొలుకులను ఎండ్రకాయలు అక్కడక్కడా కొరికేశాయి. ఆమె తొట్టి నెత్తిన పెట్టుకొని పోయి, ఆ ఖాళీల్లో ఇక్కడొకటి అక్కడొకటి నాటేసింది. గుర్తుకు పుల్ల గుచ్చాలని కూడా తోచలేదు. నారు నేల చేరింది, అదే ఆమెకు చాలు.

తిరిగొచ్చిన పద్మనాభయ్యగారు మడి గట్టు మీద కూలబడ్డాడు. ఎటు చూసినా ఒకటే పచ్చన.

"ఏవి నావి, ఆదిశేషమ్మా?"

"అన్నీ ఒకే మాదిరి ఉండాయి సారూ."

ఆయన లేచి ఒక ఆకు తెంపి చూశాడు. "ఒక దారి ఉంది" అని, అంతలోనే "వద్దులే" అన్నాడు.

"నోట్లో బెల్లంగడ్డ ఉండాదా సారూ? చెప్పండి."

"ఈ మడి మీద తెగులు చిమ్మితే నావి మిగులుతాయి. నీవి పోతాయి. నేను చిమ్మమనలేను. నావి పోయాయనే పైవాళ్ళకు చెప్పుకుంటాను."

ఆదిశేషమ్మ ఆయన్ను, కోయంబత్తూరును, రైలు కట్టను వరసపెట్టి తిట్టింది. ఆ మడి వాళ్ళిద్దరి ఏడాది తిండి. తెగులు చిమ్మితే ఏడాదంతా పస్తులే. కానీ కోత దాకా ఊరుకుంటే ఆయన గింజలు ఆమె గింజల్లో కలిసిపోతాయి. ఇక ఎవరూ వేరు చేయలేరు. ముందటేడు ముత్తుకూరు దిక్కున ఈ తెగులుకే మళ్ళకు మళ్ళు పోయి, రైతులు గడ్డి కోసుకొని ఇంటికి పోవడం ఆమె చూసింది.

ఇంటికి పోయి అత్తకు చెప్పింది. పిచ్చమ్మ అంతా విని, "నాటింది నువ్వే గదా, చిమ్ముకో పో. రాగి సంకటి నాకేమన్నా కొత్తా? పండ్లు లేవు, మింగేస్తా" అన్నది.

పక్కన వేరే మళ్ళు లేవు, తోపు దాటి తెగులు పోదు. మార్గశిరం మంచే ఆకుల్ని తడిపి గోనెపట్టా పని చేసింది. ఫారంలో చిమ్మేటప్పుడు, "తిను నాయనా, సర్కారు సొమ్ము" అని తెగులును ఎగతాళి చేసే మనిషి, ఆ సాయంత్రం గట్టు వెంట పళ్ళు బిగించుకొని నడిచింది. సగంలో ఆగి తన చేతినే తిట్టుకొని మళ్ళీ చిమ్మింది.

ఆకులు మాడాయి. చావక మిగిలిన దుబ్బులకు కూడా మెడవిరుపు తగిలి, వెన్నులు తెల్లగా తాలుపోయి వాలిపోయాయి. ఆ మాడిన మడిలో అక్కడక్కడా నిండు వెన్నులతో పచ్చని దుబ్బులు. పద్మనాభయ్యగారు పంచె ఎగ్గట్టి బురదలో దిగాడు. ఒక్కో దుబ్బు దగ్గర కూర్చుని తడిమి, దానికి గుడ్డపేలిక కట్టి, ఇంకో దుబ్బు దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నీ ఉన్నాయి ఆదిశేషమ్మా, ఒక్కటీ పోలేదు" అని కేకేశాడు. వెనక్కి తిరిగి చూశాడు.

ఆమె తాలుపోయిన వెన్నులను ఒళ్ళో వేసుకొని గట్టు మీద కూర్చుంది. సర్కారు నారును ఎంత చంపినా కన్ను తడవని మనిషి ఒక్కో తాలు గింజా నలిపి చూస్తోంది. ఆయన గబగబా దగ్గరికి వచ్చి ఏదో ఓదార్పు మాట అనబోయాడు.

"మీవి బతికినాయి గదా సారూ" అన్నది ఆదిశేషమ్మ. "ఇంక పోండి. నన్ను కాసేపు ఏడవనీండి."