ఏమీ లేదని రాసుకున్న బీడు

ఎనిమిదో తరగతితో బడి మానేశాను. తర్వాత నేర్చుకున్నదంతా తమిళనాడులో మా కోవిల్‌పట్టి లైబ్రరీలోనే, ఇంట్లో మాట్లాడే ఈ తెలుగుకు అక్షరాలతో సహా. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం.

అక్కడే ఒక లావుపాటి పుస్తకంలో ప్రపంచపటం చూశాను. జీవజాతులను కాపాడడానికి ముందుగా ఎక్కడ పూనుకోవాలో ఆ చోట్లకు ఎర్రరంగు వేశారు. మా మిద్దె మీదినుంచి పడమట కనబడే కొండలకు ఎరుపు ఉంది. మా నల్లరేగడికి ఏ రంగూ లేదు. చెట్లు దట్టంగా లేకపోతే ప్రాణమే లేనట్టా? చలికాలంలో ఏ దేశాల నుంచో వచ్చే గద్దలు మా ఊరి బీటిలో, గడ్డి మధ్య, నేలమీదే నిద్రపోతాయి. మా మేనత్త మేకలు మేసేదీ అక్కడే. పటం గీసినవాళ్లు ఒక్క సాయంత్రం వచ్చి నిలబడితే తెలిసేది.

కిందటి ఏడు చలికాలంలో ఆ బీడును సోలార్ పలకలకు ఇవ్వాలని విరుదునగర్ నుంచి ఇద్దరు సర్వేకి వచ్చారు. పక్షులేమైనా ఉన్నాయా అని తమిళంలో అడిగారు. "ముళ్లు తప్ప ఏమీ లేదయ్యా" అని అత్త వాళ్ల ఫారం మీద వేలిముద్ర వేసింది. ఊరంతా అదే చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. "ఏమత్తా, అట్లా సెప్తివి?"

"మరి యాడుండాయో సూపిచ్చేదా? ముందొకసారి వచ్చినోళ్లకి కౌజుపిట్టల్ని సూపిస్తే వలేసి ఊడ్చుకోని పోలేదా? పండుకున్న పిట్టని పట్టిచ్చేది మన వంశంలో లేదురా."

నిజమే. పిట్టలుండే చోటు బయటివాళ్లకు చెప్పకపోవడం మావాళ్ల కట్టుబాటు. దాచి కాపాడారు. దాచినదాన్నే వాళ్లు లేదని రాసుకుపోయారు.

"ఇప్పుడు వల తేరత్తా, కంచె తెస్తారు. నీ మేకలు కూడా బయటే."

అత్త దొడ్లో మేకల్ని ఓసారి లెక్కపెట్టింది. "సరే, రేపు బస్సుకి పోదాం. ఆడికొచ్చి నువ్వు ఊరికే పుస్తకంలో మాటలు సదవమాక."

విరుదునగర్ ఆఫీసులో అధికారి ఫారం తిప్పి చూపించాడు. "మీరే లేదన్నారు కదమ్మా. ఇదేమీ ముఖ్యమైన చోట్ల జాబితాలో కూడా లేదు."

ఆ జాబితా ఎవరిని అడిగి వేశారని నేను గొంతు పెంచబోయాను. అత్త నా చెయ్యి పట్టి ఆపింది. తనే తమిళంలో అంది: "అబద్ధం చెప్పానయ్యా. అబద్ధం చెప్పానని రాసుకోండి. సాయంత్రం వస్తే చూపిస్తాను."

ఆమె బెంచీ మీంచి లేవలేదు. మధ్యాహ్న భోజనానికి వెళ్లివచ్చి ఆయన విసుగ్గా కొత్త కాగితం తీశాడు.

"పక్షి పేరేంటి?"

"పేరు తర్వాత. ముందు ఉందని రాయండయ్యా."