ఉల్లిగడ్డ వేసిన ప్రసాదం

మా చిన్న తమ్ముడు యాదయ్య జడ్చర్లలో కల్లు దుకాణం ఎదుట శనగ గుడాలు, అంటే గుగ్గిళ్లు, అమ్మే బండి నడుపుతాడు. తాగినవాళ్లు ఆ బండి దగ్గరే కొట్టుకుంటున్నారని, దీపాలు పెట్టగానే మూయకపోతే లైసెన్సు రద్దు చేస్తానని పోలీసు అమీను మొన్న హుకుం ఇచ్చాడు. కల్లు దుకాణానికి మాత్రం ఏ హుకుమూ లేదు.

ఈ సాయంత్రం నేను దీపం పెట్టి మా ఇంటి అరుగు మీద ఇరుగుపొరుగుతో శనివారం భజన మొదలుపెట్టగానే, యాదయ్య గుడాల గిన్నె తెచ్చి హనుమంతుడి పటం ముందు పెట్టాడు.

"బండికే మూసే టైము, భజనకు లేదు గదక్కా. ఇగ ఇది ప్రసాదం."

వెనకాలే తాగినవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్ల వెనకాల అమీను వచ్చాడు. దొప్పలో గుడాలు పెట్టించుకుని తిన్నాడు.

"ఏందమ్మా, ప్రసాదంల ఉల్లిగడ్డ ఏసిన్రా?"

తమ్ముడు నా ముఖం చూశాడు. దేవుడి ముందు అబద్ధం ఎలా చెప్పను?

"హనుమంతునికి కాదు సాబ్, గీ తాగొచ్చినోళ్లకు. కడుపుల ఇంత పడితే సప్పుడు చేయక ఇంటికి పోతరు. ముందుగాల కల్లు దుకాణం మూయించుర్రి, ఎనుక మావోని బండి మూస్తం."

అమీను దొప్ప ఖాళీ చేశాడు. "దుకాణం మూసేదాక బండి ఉండనియ్యి. లొల్లైతే మాత్రం నిన్నే అడుగుతనమ్మా," అని వెళ్లాడు.

తమ్ముడి లైసెన్సు నిలిచింది, తాగుబోతుల పూచీ నా మెడకు పడింది. పైగా రెండో కీర్తన మాకంటే వాళ్లే శ్రుతిలో పాడారు. ఆ పుణ్యం నాకా, కల్లుకా? తెలిసినవాళ్లు చెప్పండి.